కౌంట్ తక్కువ

జూన్ 24

మేత కంపెనీవాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఆర్నెల్లుగా ఖాళీగా పడుంది. గుంటల వివరాలు ఆఫీసు ఫోన్లో ఎక్కిస్తాను కాబట్టి ఇందులో రాసేదానికి ఏమీ లేదు. నా భార్య ఏంజెలిన్‌కి చెప్పలేనివి ఏమన్నా ఉంటే రాసుకుందామనుకున్నా. అట్లాంటివి నాకేమీ లేవు.

ఈరోజు ఇసకపల్లి దగ్గర మాల్యాద్రి అన్న రొయ్యల గుంటల మీదికి పోయినాను, రొయ్యల జబ్బు కనిపెట్టే మా కంపెనీ కొత్త చిప్‌లు చూపించేదానికి. అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ పలక. లోపల వెంట్రుక కంటే సన్నటి కాలువలు. రొయ్య ముక్క మందులో నలిపి ఒక్క చుక్క ఈ చివర వేస్తే చాలు. మోటారు లేదు, పంపు లేదు, చుక్క తనంతట తానే పారుకుంటా పోయి నాలుగు గదుల్లో ఆగుతుంది. వెచ్చగా ఉండే చిన్న పెట్టెలో పెడితే ముప్పావు గంటకి సంగతి తేలిపోతుంది. గులాబీరంగు అట్లే ఉంటే క్షేమం, పసుపుకి తిరిగితే జబ్బు. ఇదే పరీక్షకి ముందంతా రొయ్యల్ని ఐసులో పెట్టి నెల్లూరు పంపి మూడు రోజులు కాచుకునేవాళ్ళం. జవాబు వచ్చేలోపల గుంట ఖాళీ అయ్యేది.

మాల్యాద్రి అన్న చిప్‌ని ఎండకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసినాడు. "ఈ కాలవకి తూములెత్తే లస్కరు ఎవరబ్బా?" అన్నాడు. నేను నవ్వినాను. నవ్వితే ఒప్పుకుంటాడేమో అని. ఒప్పుకోలేదు. ముప్ఫై ఏళ్ళుగా రొయ్య మీసం చూసి జబ్బు చెప్తా ఉన్నాడంట, ఈ బిళ్ళ వచ్చి కొత్తగా చెప్పేదేముంది అన్నాడు.

"తెలుసుకుంటే పోయేదేముందన్నా? తెలుసుకోకుండా ఉండడమే ప్రమాదం" అన్నాను. ఈ మాట నేను బాగా చెప్తానని ఆఫీసులో పేరుంది.

ఇంటికొస్తే అన్నం గిన్నె పక్కన ఇంకో పెట్టె. పిల్లల కోసం నెల్లూరులో ఏంజెలిన్‌ని చూసే డాక్టర్ వినీల గారు ఇచ్చి పంపినారంట. లోపల ఇట్లాంటి చిప్పే. రొయ్యలకి కాదు. మగవాళ్ళకి.

రేపు చూద్దాం అన్నాను.

జూన్ 25

గుంటల దగ్గర పని ఎక్కువ. కుదరలేదు.

జూన్ 26

కరెంటు లేదు. (దానికి కరెంటు అక్కరలేదు. ఫోనుతో పనిచేస్తుంది. అయినా.)

జూన్ 29, ఆదివారం

పెళ్ళయి ఏడేళ్ళు. ఏంజెలిన్ హైస్కూల్లో లెక్కలు చెప్తుంది, ఏ పనైనా వరసప్రకారం చేస్తుంది. నాలుగేళ్ళుగా తనకి అయిన పరీక్షలన్నీ ఒక పచ్చ ఫైల్లో తేదీలవారీగా ఉన్నాయి. రక్తం, స్కానింగు, గొట్టాల్లోకి రంగుమందు ఎక్కించి తీసే ఎక్స్‌రే. ఆ ఎక్స్‌రే రోజు బస్సులో నా భుజం గట్టిగా పట్టుకుని మా ఊరు అల్లూరు దాకా వదల్లేదు. అన్నీ బాగున్నాయనే వచ్చింది.

నా పరీక్షలు ఆ ఫైల్లో లేవు. భయపడి కాదు. నన్నెవరూ అడగలేదు. అంటే ఏంజెలిన్ అడిగింది, ఒక రెండు మూడు సార్లు. వేరే ఎవరూ అడగలేదు.

ఈరోజు చర్చిలో ఆరాధన అయినాక మా అమ్మ ఏంజెలిన్‌ని ముందుకి తీసుకుపోయింది. పాస్టరు హెబ్రోను అయ్యగారు ఆమె తల మీద చెయ్యి పెట్టి గర్భఫలం కోసం ప్రార్థన చేసినారు. ఆడవాళ్ళందరూ చుట్టూ చేరినారు. ముసుగు కింద ఏంజెలిన్ మొహం కనబడలేదు. నేను వెనక ఫ్యాను కింద నిలబడి అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాను. పక్కాయన తిరిగి చూసినాడు కూడా.

ఇంటికొచ్చినాక అమ్మ ఒక్కొక్క కారణం బయటికి తీసింది. చిన్నప్పుడు బొప్పాయి తిని ఉంటుంది. స్కూటీ మీద గుంతల రోడ్డున తిరగడం. లెక్కల టీచర్లకి బుర్ర వేడెక్కి ఆ వేడి కిందికి దిగుతుందంట. ఏంజెలిన్ అన్నీ విని, "ఇంకొంచెం పులుసు వేసేదా అత్తమ్మా" అంది.

జూలై 1

పెట్టెలో కాగితం చదివినాను. చదవడంలో తప్పేముంది.

తయారుచేసినవాళ్ళకి దణ్ణం పెట్టాలి. చిప్ మీద చుక్క వేస్తే సన్న కాలువలో ఒకే పొరగా పరుచుకుంటుంది. ఫోను కెమెరాకి చిన్న అద్దం తగిలిస్తే అదే ఎన్నున్నాయో లెక్కపెడుతుంది, ఎన్ని కదులుతున్నాయో కూడా. పది నిమిషాలు. ఎవరికీ మొహం చూపించనక్కరలేదు, ఆస్పత్రి బాత్రూములో డబ్బా పట్టుకుని నిలబడనక్కరలేదు. పెట్టెలో మూడు చిప్‌లు, ఒకటి పోయినా ఇంకోటి ఉండేటట్టు. మా రొయ్యల చిప్‌కి ఇది అన్న వరస అవుతుంది.

పరీక్షకి ముందు కనీసం రెండు రోజులు, ఏడు రోజులు దాటకుండా భార్యకి ఎడంగా ఉండాలని రాసుంది. సూచనలు పాటించడం నా వృత్తి. ఎడంగానే ఉన్నాను, పెట్టె వచ్చినప్పటి నుంచి.

జూలై 2

లెక్క చూసుకుంటే ఎనిమిది రోజులైపోయింది. గడువు దాటింది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి.

ఏంజెలిన్‌కి చెప్పినాను. తను నోటుబుక్కులు దిద్దుతా, తలెత్తకుండా, "ఇట్లాంటి సాకు మా ఎనిమిదో తరగతిలో ఎవడూ చెప్పలేదు" అంది.

జూలై 5

మాల్యాద్రి అన్న చివరికి ఒప్పుకున్నాడు, పక్క గుంటాయన చేయించుకున్నాడని తెలిసి. మూడు గుంటల నుంచీ రొయ్యలు తీసినాను. ఒకటి, మూడు బాగున్నాయి. రెండో గుంటది ఇరవై నిమిషాలకే పసుపుకి తిరిగింది. తెల్లమచ్చ తెగులు.

ఆయన వరసగా చెప్పిన మాటలు, నవ్వుకునేదానికి రాసుకుంటున్నా. చిప్ ఎండకి వచ్చి చెడిపోయి ఉంటుంది. నా ఫోను పాతది. నేను పట్టిన రొయ్యే నీరసం రొయ్య, దాన్ని చూసి గుంటంతటినీ అంటే ఎట్లా. అమావాస్యకి రొయ్య పెంకు వదులుతుంది, అప్పుడేం చూసినా తేడాగానే ఉంటుంది. ఇంకో పది రోజులాగి మళ్ళీ చూద్దాం.

తూము మూసెయ్యమని, ఆ గుంటలో దింపిన వల వేరే గుంటలో దింపొద్దని, వెంటనే పట్టేసి అమ్ముకోమని చెప్పినాను. తల ఊపినాడు. ఊపిన తీరు చూస్తే చెయ్యడని తెలిసింది.

కళ్ళెదురుగా రంగు కనబడతా ఉంటే ఒప్పుకోరు. ఎట్లాంటి మనుషులబ్బా.

జూలై 7

చేసినాను.

ఏంజెలిన్ స్కూలుకి పోయినాక, అమ్మ వరండాలో కూరగాయలావిడతో బేరం చేస్తా ఉంటే బాత్రూము తలుపు గడియ పెట్టుకున్నాను. ఐదు నిమిషాలు కాలేదు, అమ్మ తలుపు కొట్టింది. కడుపు బాగలేదా అని అడిగింది. బాగుందన్నాను. మరి లోపల ఇంతసేపు ఏంది అంది. ఏమీ లేదన్నాను. వాము నీళ్ళు పెట్టేదా అంది. వద్దన్నాను. పెడతానులే అని పోయింది. అట్లా వాము వాసన మధ్య ఈ పని పూర్తిచేసినాను.

చుక్క వేసినాను. బాగా పారింది, బుడగ కూడా రాలేదు. నా చెయ్యి అట్లాంటిది. పది నిమిషాలకి ఫోను అంకె చూపించింది.

చిప్ ఎండకి వచ్చి చెడిపోయి ఉంటుంది. బెంగుళూరు నుంచి ఏ లారీలో వచ్చిందో. నా ఫోను కూడా పాతది, కెమెరా మీద గీత ఉంది. పైగా మొన్నంతా ఎండలో తిరిగినాను, మనిషి నీరసంగా ఉన్న రోజు చూసి మొత్తంగా మనిషినే అంటే ఎట్లా. ఇంకో నాలుగు రోజులాగి మళ్ళీ చూస్తే సరి.

వాము నీళ్ళు తాగినాను.

సాయంత్రం ఏంజెలిన్ అడిగింది. బాగుంది అన్నాను. ఫోన్లో చూపించమంది. చెరిగిపోయిందన్నాను. తను కాసేపు నన్నే చూసి, పచ్చఫైలు తీసి, ఒక తెల్లకాగితం మీద తేదీ వేసి నా పేరు రాసి, ఎదురుగా 'నార్మల్' అని రాసింది. గుండ్రటి దస్తూరి. కింద గీత కూడా కొట్టింది.

జూలై 8

అది అబద్ధం కాదు. మళ్ళీ చేస్తే బాగా వస్తుంది, అప్పుడు నిజమైపోతుంది. ముందే చెప్పినాను, అంతే.

జూలై 12

మళ్ళీ చేసినాను. ఈసారి అమ్మ ప్రార్థన కూటానికి పోయి ఉంది. చిప్‌ని ముందు రోజు నుంచి చల్లగా పెట్టినాను. కెమెరా తుడిచినాను.

అంకె రాసేస్తాను. ఇక్కడ చూసేవాళ్ళెవరు. మిల్లీలీటరుకి ముప్ఫై లక్షలు.

ముప్ఫై లక్షలంటే చిన్న సంఖ్యేం కాదు. మా జిల్లా జనాభా అంత. కాకపోతే కోటీ అరవై లక్షలన్నా ఉండాలని కాగితంలో ఉంది. ఉన్నవాటిలో కూడా కదిలేవి తక్కువంట. మిగతావి ఊరికే కూర్చున్నాయి.

పోయినసారి కూడా దాదాపు ఇంతే.

ఒక చిప్ మిగిలింది. మిషను తప్పు చెప్తుందేమో పట్టుకుందామని అందులో పంపు నీళ్ళు వేసినాను. గుంటల దగ్గర కూడా అట్లే చేస్తాను, నమ్మని రైతుకి మంచినీళ్ళు వేసి చూపిస్తే నోరు మూసుకుంటాడు. సున్న అని చూపించింది. లేనివాటిని ఉన్నట్టు చెప్పలేదు. ఉన్నవాటిని లేనట్టు కూడా చెప్పదు కదా.

నోరు మూసుకున్నాను.

జూలై 13, ఆదివారం

చర్చికి పోలేదు. తలనొప్పి అని చెప్పినాను. నిజంగానే వచ్చింది.

జూలై 15

మాల్యాద్రి అన్న పొద్దున్నే ఫోను చేసినాడు. పోయేసరికి రెండో గుంట గట్టెంబడి చచ్చిన రొయ్యలు తెల్లగా తేలున్నాయి, కాకులు దిగున్నాయి. మిగిలినవి వలేసి పడతా ఉన్నారు. మూడో గుంటలో కూడా మొదలైంది. పదిరోజుల కింద అది గులాబీరంగు చూపించిన గుంట. రెండో గుంటలో దింపిన వలే అందులో కూడా దింపినాడు.

ఆయన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. పోయి పక్కన కూర్చున్నాను. చెప్పినాను కదన్నా అనే మాట నాలుక దాకా వచ్చింది, ఆపుకున్నాను.

ఆయనే మొదలుపెట్టినాడు. చవగ్గా వచ్చిందని తెలియని హేచరీ నుంచి రొయ్య పిల్ల తెచ్చినాడంట. పరీక్ష చేయించి తెచ్చినానని భార్య చెంచమ్మకి చెప్పినాడు. చేయించలేదు.

"నువ్వు చూపించినప్పుడే నాకు తెలుసబ్బా" అన్నాడు. "రంగు మారింది నా కళ్ళకి కనబళ్ళేదనుకున్నావా? నాకు జబ్బంటే భయం కాదు. ఇంటికి పోయి దానికి చెప్పాలే, ఆ భయం. ఈ నాలుగు దినాలు చెప్పకపోతే ఏదో ఒకటి అవతాది అనుకున్యా. అయింది."

చెంచమ్మ అక్క అవతలి గట్టున తట్టలు అందిస్తా ఉంది. ఇటు చూడలేదు.

నేను మూడో గుంట గురించే ఆలోచించినాను. దాంట్లో ఏ తప్పూ లేదు.

జూలై 16

ఏంజెలిన్ నెల్లూరు పోయి వచ్చింది. డాక్టరు ఫైలంతా చూసి, భర్తది కూడా నార్మలే కాబట్టి ఇంక లోపల కెమెరాతో చూడాల్సిందే అన్నారంట. కడుపు మీద రెండు మూడు చిన్న గాట్లు పెడతారు. మత్తు ఇస్తారు. ఇరవై రెండో తేదీ.

అంత అవసరమా అన్నాను.

"మీది నార్మలే కదా" అంది. "ఇంక చూడాల్సింది నాలోపలే."

మామూలుగానే చెప్పింది. చెప్పి, సెలవు చీటీ రాసుకునేదానికి కూర్చుంది.

జూలై 17

చెప్పాలని మూడు సార్లు మొదలుపెట్టినాను.

మొదటిసారి, "ఏంజీ, నీతో ఒకటి చెప్పాల" అన్నాను. చెప్పండి అంది. గ్యాసు అయిపోవచ్చింది అన్నాను. రెండోసారి కూడా గ్యాసు గురించే. మూడోసారి తనే, "గ్యాసు బుక్ చేసినాను" అంది.

జూలై 18

ఇదంతా వరసగా రాయకపోతే నేనే నమ్మను.

నోటితో రావడం లేదు కాబట్టి ఫోన్లో రాసి పంపుదామనుకున్నాను. మధ్యాహ్నం గుంటల మీద రేకుల షెడ్డులో కూర్చుని రాసినాను. "నా కౌంట్ చాలా తక్కువ. ఇన్నాళ్ళూ నీకు చెప్పకుండా దాచినాను. తప్పు నాదే. క్షమించు." కళ్ళు మూసుకుని పంపినాను. కళ్ళు మూసుకోకుండా ఉండాల్సింది. అది ఏంజెలిన్‌కి పోలేదు. ఆ పేరుకి పైనున్న 'అల్లూరు రొయ్య రైతులు' గ్రూపుకి పోయింది. రెండొందల పన్నెండు మంది.

రొయ్యల్లో కౌంటంటే కిలోకి ఎన్ని తూగుతాయనే లెక్క. వంద తూగితే వంద కౌంట్, చిన్న రొయ్య. ముప్ఫై తూగితే ముప్ఫై కౌంట్, పెద్ద రొయ్య, పెద్ద రేటు. అంటే కౌంట్ ఎంత తక్కువైతే అంత అదృష్టం.

నేను తేరుకునేలోపల చప్పట్ల బొమ్మలు, పూలదండల బొమ్మలు మొదలైనాయి. ఎంత కౌంట్ అన్నా, పాతికా, అని ఒకరు. ఏ మేత వాడినావు అని ఇంకొకరు. ఇట్లాంటివి దాచుకోవడం మంచి పద్ధతి కాదు, తోటి రైతులకి చెప్పాలి అని చిల్లకూరు పక్కాయన పెద్ద ఉత్తరం రాసినాడు. పోనీలే, క్షమాపణ అడిగినాడు కదా అని ఇంకొకాయన సర్దిచెప్పినాడు. మాల్యాద్రి అన్న ఫోను చేసి, మాకు తెలియకుండా గుంట యాడ లీజుకి తీసుకున్నావబ్బా అని అడిగినాడు. ఆయన గొంతులో బాధ విని నాకు ఏడుపొచ్చింది.

మెసేజి తీసేసినాను. తీసేసినందుకు అనుమానం ఇంకా పెరిగింది.

తర్వాత మా మేనేజరు. కంపెనీలో పనిచేసేవాళ్ళు సొంతానికి గుంటలు పెట్టకూడదు, తెలుసు కదా అన్నాడు. నాది కాదు సార్ అన్నాను. మరి ఎవరిది? బంధువుది సార్. కౌంట్ అంత తక్కువ వచ్చిందంటే మన చిప్ వాడినాడా? వాడినాడు సార్, రెండుసార్లు. అయితే ఆయన ఫొటో, రెండు మంచి మాటలు పంపించు, కరపత్రంలో వేద్దాం అన్నాడు.

సాయంత్రం ఐదింటికి ఏంజెలిన్ వచ్చింది. స్కూల్లో తెలుగు టీచరమ్మ భర్తకి గుంటలున్నాయి. ఆమె మెసేజి చూపించి, మిఠాయిలెక్కడ అని అడిగిందంట. ఏంజెలిన్ చేతిసంచీ బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"గుంట తీసుకున్నారా?"

లేదన్నాను.

"నేనూ అదే అనుకున్నా. రొయ్యలకి ఎవరూ క్షమించమని రాయరు." చేతిసంచీ పక్కకి జరిపి, "ఎంత?" అంది.

"ముప్ఫై లక్షలు."

"ఎంతకి?"

"కోటీ అరవైకి."

"అంటే ఐదో వంతు కూడా లేదు" అంది. లెక్క చెప్పినట్టే చెప్పింది. నేను మొదటిసారి చేసింది, రెండోసారి చేసింది, పంపు నీళ్ళు, వాము నీళ్ళు అన్నీ చెప్పేసినాను.

"తక్కువుంటే ఉండనీయండి. దానికి నేనేమన్నా అనేదాన్నా? నాలుగేళ్ళు నన్ను అందరూ అంటుంటే విన్నాను, మిమ్మల్ని ఒక్కమాట అననిచ్చేదాన్ని కాదు. నా చేత్తో తప్పు రాయించినారు. ఇంకో నాలుగు రోజులైతే నా కడుపు కోసేవాళ్ళు. అప్పుడన్నా చెప్పేవాళ్ళా?"

చెప్పేవాణ్ణి అన్నాను.

నిజంగా చెప్పేవాణ్ణా? ఇక్కడ కూడా రాయలేకపోతున్నా.

తను లేచి డాక్టరుకి ఫోను చేసింది. ఆపరేషను వద్దని చెప్పింది. అవతల నుంచి డాక్టరు గారి గొంతు వంటింటి దాకా వినబడింది. మాటలు తెలియలేదు, నా గురించేనని తెలిసింది.

ఫోను పెట్టేసి, "అత్తమ్మకి మీరే చెప్పాల. నేను చెప్పను" అంది. ఇంక నాతో మాట్లాడలేదు.

జూలై 19

మాట్లాడలేదు.

కూర బాగుంది అన్నాను. చట్నీ బాగుంది అన్నాను. అది చట్నీ కాదు, రాత్రి కూరే.

జూలై 20, ఆదివారం

చర్చి నుంచి వచ్చినాక, అమ్మ ఇంకా చీర మార్చుకోకముందే చెప్పినాను. ఏంజెలిన్ అదే గదిలో కిటికీ దగ్గర నోటుబుక్కులు దిద్దుతా ఉంది. తలెత్తలేదు. ఎర్రకలం మాత్రం ఆగింది.

"అమ్మా, లోపం నాది. ఏంజీది కాదు."

అమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమైనాక ఒప్పుకోలేదు. నీకెవరు చెప్పినారంది. నేనే పరీక్ష చేసుకున్నా అన్నాను. నువ్వు రొయ్యల డాక్టరువి, నీకేం తెలుసంది. రొయ్యలకీ మనుషులకీ ఒకటే చిప్ పెడితే ఇట్లే వస్తుందంది. వేరేవేరే అమ్మా అన్నాను. మా వంశంలో మగవాళ్ళకి అట్లాంటిది లేదంది.

ఆ మాట అని ఆగిపోయింది. మంచం మీద కూర్చుంది. బైబిలు సంచీ ఒళ్ళోనే ఉంది. చాలాసేపు దాని జిప్పు తీసింది, వేసింది.

"నువ్వు పుట్టేదానికి తొమ్మిదేండ్లు పట్టింది" అంది. "మీ నాయనమ్మ తొమ్మిదేండ్లూ నన్నే అనింది. వాయిల చెట్టు కషాయం తాపిచ్చింది. రెండు తూర్లు పుట్టింటికి పంపింది. మీ నాయన్ని ఒక్కరు ఒక్కమాట అడగలా. ఆయనా వాళ్ళతో బాటు కూచుని యింటా ఉండె."

నాన్న పోయి పదకొండేళ్ళు. ఈ సంగతి నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

"నాకు ఎట్లుండెనో నాకు తెలుసు గదా" అంది అమ్మ, నాతో కాదు, సంచీతో. "తెలిసీ అదే చేసినా."

లేచి కిటికీ దగ్గరికి పోయింది. ఏంజెలిన్ పక్కన నిలబడింది. ఏదన్నా అంటుందేమోనని నేను, ఏంజెలిన్ ఇద్దరం చూస్తా ఉన్నాం.

"ఆ బొప్పాయి మాట నేను అనకుండా ఉండాల్సింది" అంది.

ఏంజెలిన్ కలం కింద పెట్టి అమ్మ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చినారు. నేనూ దగ్గరికి పోదామని లేచినాను. ఏంజెలిన్ నా వైపు చూసింది. కూర్చున్నాను.

జూలై 22

ఈరోజు ఆపరేషను జరగాల్సిన రోజు. ఏంజెలిన్ మామూలుగా స్కూలుకి పోయింది. స్కూటీ మలుపు తిరిగేదాకా చూసినాను.

జూలై 25

మాల్యాద్రి అన్న ఒకటో గుంట మిగిలింది. ఆయన ఫోను చేయకుండానే పోయినాను. వల వేరే పెట్టుకున్నాడు. చెంచమ్మ అక్క తనే రొయ్యలు పట్టి నా చేతికిచ్చి, "రంగు నాకు చూపిచ్చు, ఆయనకి కాదు" అంది. గులాబీరంగే వచ్చింది. ఆమె ముప్పావు గంట పెట్టె ముందు నుంచి కదల్లేదు.

పోతా ఉంటే మాల్యాద్రి అన్న వెంట వచ్చి, ఆ లీజు గుంట సంగతి ఇప్పుడన్నా చెప్పమన్నాడు. చెప్పినాను. నిజమే చెప్పినాను. ఆయన చాలాసేపు నడిచి, "మరి ఆ చప్పట్లు కొట్టినోళ్ళకి ఏం చెప్తావబ్బా?" అన్నాడు.

జూలై 31

నెల్లూరు పోయొచ్చినాము, ముగ్గురం. అమ్మ రానక్కరలేదు. వస్తానంది.

ఆస్పత్రి ల్యాబులో మళ్ళీ పరీక్ష చేసినారు. నలభై లక్షలు. (పెరిగింది అన్నాను.) స్కానింగులో తేలింది, కింద ఒక పక్క సిర ఉబ్బి, వేడెక్కువై కౌంట్ పడిపోతుందంట. చిన్న ఆపరేషను, నాకు. వచ్చే నెల పన్నెండు. డాక్టర్ వినీల గారు ఫైల్లో ఏంజెలిన్ రాసిన కాగితం తీసి నా ముందు పెట్టి, కొట్టెయ్యమని పెన్ను ఇచ్చినారు. కొట్టేసినాను.

ఆపరేషనయిన మూడు నెలలకి మళ్ళీ చూస్తారు. అప్పటికీ చాలకపోతే ఇంకో చిప్ ఉందంట. దాంట్లో సన్నటి కాలువకి అడ్డంగా జల్లెడలాంటి పొర ఉంటుంది. మందో, మిషన్లో గిరగిరా తిప్పడమో ఏమీ లేకుండా, బాగా ఈదగలిగినవే తమంతట తాము ఆ పొర దాటి ఇవతలికి వస్తాయి. వాటినే తీసుకుని ప్రయత్నిస్తారు. దాంతో తప్పకుండా అవుతుందని చెప్పను, దారి మాత్రం ఉందని చెప్తాను అన్నారు. నేను కాలువ వెడల్పెంత, పొరకి రంధ్రం ఎంత అని అడిగినాను. "మీరు పేషెంటుగా వచ్చినారు, రూఫస్ గారూ" అన్నారు.

తిరుగు బస్సులో జనం. అమ్మకి, ఏంజెలిన్‌కి ముందు ఆడవాళ్ళ వరసలో సీటు దొరికింది, నాకు మధ్యలో. కోవూరు దాటినాక అమ్మ పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ తన కోడలి గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఐదేళ్ళంట, ఇంకా లేదంట, ఏ దోషముందో అంది. నాకు వినబడతా ఉంది. అమ్మ వినీ వినీ, బస్సు హోరు మీద వినబడాలని గొంతు పెంచింది.

"మీ అబ్బాయికి చేయించినారా?"

ఆవిడకి అర్థం కాలేదు.

"పరీక్షమ్మా. ముందు మగోళ్ళకి చేయించాల. చిన్న బిళ్ళ, ఒక్క చుక్క, పది నిమిషాలు. మాకూ ఏడేండ్లు, అనవసరంగా కోడల్ని ఆడిపోసుకున్యా. చూస్తే మావోడికే తక్కువ." వెనక్కి తిరిగి చెయ్యి చాపింది. "అదో, ఆ నీలం చొక్కా."

బస్సంతా తిరిగి చూసింది. కండక్టరు కూడా. నీలం చొక్కా వేసుకున్నవాడు ఇంకొకడు నా వెనక ఉన్నాడు. "నేను కాదు" అని వాడు గట్టిగా చెప్పుకున్నాడు. దాంతో అందరికీ ఖాయంగా తెలిసిపోయింది.

నేను కిటికీలోంచి వరిమళ్ళు చూస్తా ఉన్నాను. అంత శ్రద్ధగా వరిమళ్ళు నేనెప్పుడూ చూడలేదు. ఆ పెద్దావిడ లేచి, కడ్డీ పట్టుకుని, నా సీటు దాకా వచ్చి, ఆ బిళ్ళ పేరేంది నాయనా, యాడ దొరుకుతుంది అని అడిగింది. చెప్పినాను. తనకి రాయడం రాదంది. కాగితం మీద రాసిచ్చినాను, డాక్టరు నంబరు కూడా. మడిచి రవికలో పెట్టుకుని పోయింది.

తలెత్తితే ఏంజెలిన్ వెనక్కి తిరిగి నన్నే చూస్తా ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. భుజాలు కదులుతా ఉన్నాయి. ముందు ఏడుస్తా ఉందేమో అనుకున్నా.

కాదు. నవ్వుతా ఉంది. పదమూడు రోజులకి.

అల్లూరులో దిగినాక సంచీ నా చేతికిచ్చి, "నడవండి" అంది.